కాలు విరిగితే హెల్మెట్ గురించి అడిగాను

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. ఆసుపత్రి మంచం, ఆకుపచ్చ దుప్పటి, తొడ దాకా కట్టు కట్టి దిండు మీద ఎత్తిపెట్టిన కాలు. కింద రెండు ముక్కలు: "నిన్న రాత్రి బండి మీద నుంచి పడ్డాన్రా. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి, రేపు ఆపరేషన్, రాడ్ వేస్తారట." నేను కాఫీ తాగుతూ చూశాను. గ్లాసు కింద పెట్టకుండానే ఒంటిచేత్తో టైపు చేశాను: "అయ్యో! హెల్మెట్ పెట్టుకున్నావా?"

విరిగింది కాలు. నేను అడిగింది హెల్మెట్ గురించి.

తర్వాత వచ్చినవి కూడా నాదానికేం తీసిపోలేదు. "ఇంకా నయం, తలకొచ్చింది తలపాగాతో పోయింది" అని ఒకడు. "ఏ ఆసుపత్రి, ఎంతవుతుందన్నారు, ఇన్సూరెన్స్ ఉందా" అని ఇంకొకడు. చిత్తూరువాడొకడు ఉన్నాడు మాలో, వాడైతే "రాడ్డూ గీడ్డూ వద్దు, పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకో, మా బాబాయికి అక్కడే నయమైంది" అన్నాడు. దాంతో మధ్యాహ్నానికల్లా పుత్తూరు కట్టా ఆపరేషనా అని పెద్ద వాదన మొదలైంది, మధ్యమధ్యలో దండం పెట్టే బొమ్మలు, గెట్ వెల్ సూన్‌లు. కాలు విరిగినవాడు మాత్రం అందులో ఎక్కడా లేడు.

మేమేమీ చెడ్డవాళ్ళం కాదు. వాడి పెళ్ళికి రెండు రోజులు ముందే వెళ్ళి షామియానా గుంజలు పాతినవాళ్ళం. మరి ఎందుకలా మాట్లాడాం అన్నది చాలా రోజులు నా బుర్రలో తిరిగింది, తిరిగి తిరిగి కొంత చదివించింది.

మొదట మెదడు సంగతి. 2004లో లండన్‌లో టానియా సింగర్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 16 జంటలను పిలిచారు. ఆడవాళ్ళను స్కానర్‌లో పడుకోబెట్టి, పక్కనే ఆమె భర్తనో ప్రియుణ్ణో కూర్చోబెట్టి, కాసేపు ఆమె చేతికి, కాసేపు అతని చేతికి చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. షాక్ ఆమెకే తగిలినప్పుడు నొప్పికి సంబంధించిన మెదడు భాగాలన్నీ పనిచేశాయి. అతనికి తగిలిందని తెలిసినప్పుడు వాటిలో కొన్నే పనిచేశాయి. నొప్పి ఎక్కడ, ఎంత గట్టిగా అని లెక్కగట్టే భాగంలో చలనం లేదు. 'అబ్బా, ఇది భరించలేను' అనిపించేటప్పుడు చురుగ్గా ఉండే యాంటీరియర్ ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగాలు మాత్రం తనకు తగిలినప్పటిలాగే కదిలాయి. (ఈ భాగాలు ఇంకా చాలా పనుల్లో కదులుతాయి, కాబట్టి స్కానర్‌లో జాలి కనబడింది అని రాసే పేపర్లను కొంచెం అనుమానంగానే చదవాలి.) మన భాషలో దీన్ని చెప్పడం తేలిక, ఎందుకంటే మనకు రెండు మాటలున్నాయి. పక్కవాడి దెబ్బ చూస్తే మనకు బాధ కలుగుతుంది, నొప్పి కలగదు. "నీ నొప్పి నాకు తెలుసురా" అనేవాడు సగమే నిజం చెబుతున్నాడు.

సరే, బాధ కలిగింది. ఆ బాధ ఎటు పోతుందన్నదే అసలు విషయం. డేనియల్ బాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రెండుగా విడదీశాడు. ఒకటి ఎదుటివాడి గురించిన ఆరాటం, రెండోది చూసి తట్టుకోలేక మనలో మనకే పుట్టే టెన్షన్. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ "అయ్యో" అనే మొదలవుతాయి. 1997లో ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది: కష్టంలో ఉన్న ఒక అమ్మాయి ఇంటర్వ్యూను విద్యార్థులకు వినిపిస్తూ, కొందరిని ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో ఊహించమన్నారు, ఇంకొందరిని 'అదే మీకు జరిగితే మీకెలా ఉంటుంది' అని ఊహించమన్నారు. మొదటి గుంపులో ఎక్కువగా ఆరాటం కనిపించింది. రెండో గుంపులో దానితో పాటు సొంత టెన్షన్ కూడా బాగా పెరిగింది. మనకు చిన్నప్పటి నుంచీ "నీకే అలా అయితే తెలిసేది" అని చెప్తారు చూడండి, అది మరీ అంత గొప్ప సలహా కాదన్నమాట. నాకే అయితే అనుకోగానే మనసు నా కాలి చుట్టూ తిరుగుతుంది.

ఈ టెన్షన్‌ను దించుకోవడానికి మనిషి ఎంత దూరం పోతాడో 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ చేసిన ప్రయోగంలో కనబడుతుంది. నాకైతే ఈ విషయంలో నేను చదివినవాటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అదే. కాలేజీ అమ్మాయిలు తెర మీద తమలాంటి ఇంకో అమ్మాయిని చూస్తారు. ఆమె తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాక్ కొడుతుంది, ఆమె విలవిల్లాడుతుంది. (నిజానికి షాక్ లేదు, నటన.) ఆమెను ఆ షాకుల నుంచి తప్పించే అవకాశం ఇస్తే చూసేవాళ్ళు దాదాపు అందరూ తప్పించారు, అంటే మంచివాళ్ళే. కానీ ఏమీ చేసే వీల్లేకుండా, ఆమెకు ఇంకా షాకులు తగులుతూనే ఉంటాయని తెలిసి ఊరికే చూస్తూ కూర్చోవలసి వచ్చినప్పుడు ఏమైందంటే, ఆమె ఎలాంటి మనిషి అని అడిగితే తక్కువ చేసి మాట్లాడారు. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు, బాధ పడింది, అంతే. లెర్నర్ ఇచ్చిన వివరణ ఇది: లోకంలో ఎవరికి తగ్గది వాళ్ళకు జరుగుతుందనే నమ్మకం మీద మనం రోజులు నెట్టుకొస్తుంటాం. ఏ తప్పూ చేయనివాడు కూడా పడిపోవచ్చని ఒప్పుకుంటే రేపు బండి తీయడానికే భయమేస్తుంది. అందుకని వాడు ఏదో ఒకటి చేసి ఉండాలి. తాగి ఉండాలి, ఫోన్ మాట్లాడుతూ ఉండాలి, హెల్మెట్ పెట్టుకోకుండా ఉండాలి. ఏదీ దొరక్కపోతే గ్రహపాటు, పోయిన జన్మ పాపం.

నా ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకుంటాను కాబట్టి నాకేం కాదు అని చెప్పుకోవడానికి, మంచం మీద ఉన్నవాడి చేత సాక్ష్యం పలికించబోయాను. హెల్మెట్ అవసరం లేదని కాదు నేననేది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. హెల్మెట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆ నాలుగు లక్షల చిల్లర మందిలో ప్రతివాడికీ ఎలా జరిగింది అని డాక్టరు అడుగుతాడు, పోలీసు అడుగుతాడు, ఇన్సూరెన్స్ వాడు అడుగుతాడు, వాళ్ళు అడగాలి కూడా. స్నేహితుడు కూడా వాళ్ళ వరుసలో నాలుగోవాడిగా వచ్చి నిలబడక్కర్లేదు.

ఇక తెర మీది అక్షరాల సంగతి. మనకు పరామర్శ అనే పద్ధతి ఉంది, అది మాటలతో నడిచేది కాదు. అరడజను బత్తాయిలో, ఒక హార్లిక్స్ సీసానో పట్టుకుని వెళ్తాం, మంచం పక్కన కూర్చుంటాం, కట్టు వైపు చూసి ఒకసారి నాలుక చప్పరిస్తాం, అరగంట ఫ్యాన్ వైపు చూసి లేచి వస్తాం. అందులో నిజంగానే ఏదో ఉంది. 2006లో జేమ్స్ కోన్ బృందం అమెరికాలో 16 మంది పెళ్ళయిన ఆడవాళ్ళ మీద చూసింది: షాక్ తగలబోతోంది అని చెప్పినప్పుడు భర్త చేయి పట్టుకుని ఉంటే మెదడులో ప్రమాదానికి స్పందించే భాగాల హడావుడి తగ్గింది, ముక్కూమొహం తెలియనివాడి చేయి పట్టుకున్నా కొంచెం తగ్గింది. సంసారం సజావుగా ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ తగ్గింది.

ఫోన్లో ఆ చేయి లేదు. గొంతు కూడా లేదు. "అయ్యో" అనే మాటను మా అమ్మ ఇరవై రకాలుగా అంటుంది, పాలు పొంగినప్పుడు ఒకటి, చావు కబురు విన్నప్పుడు ఒకటి. తెర మీద అన్నీ ఒకటే అయ్యో. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు కలిసి ఈమెయిల్ మీద ఒక పరిశోధన చేశారు. తాము వెటకారంగా రాశామో సీరియస్‌గా రాశామో చదివేవాళ్ళు పట్టుకుంటారా అని రాసినవాళ్ళను అడిగితే 78 శాతం సార్లు పట్టుకుంటారని అంచనా వేశారు. పట్టుకున్నది 56 శాతం, అంటే బొమ్మా బొరుసా వేసినదానికంటే కాస్త నయం. రాసేవాడి చెవిలో సొంత గొంతు వినిపిస్తూ ఉంటుంది, అందుకే ఆ ధీమా. నేను "హెల్మెట్ పెట్టుకున్నావా" అని ఆదుర్దాగానే రాశాను. వాడికి అది ట్రాఫిక్ కానిస్టేబుల్ గొంతుతో వినబడి ఉంటుంది.

ఇంకో రకం వాళ్ళున్నారు, తమకూ అయినవాళ్ళు. మాలో ఒకడికి ఎప్పుడో కాలు విరిగింది. వాడైనా అర్థం చేసుకుంటాడనుకుంటాం కదా? రెండో నెలలో వాడే "నేను ఈపాటికి కర్ర లేకుండా నడిచాను, నువ్వు భయపడుతున్నావంతే" అని పెట్టాడు. రేచెల్ రటన్, తోటి పరిశోధకులు 2015లో ఇదే చూపించారు: ఒక కష్టాన్ని దాటి వచ్చినవాళ్ళు, అదే కష్టాన్ని తట్టుకోలేకపోతున్నవాళ్ళ మీద ఒక్కోసారి మిగతావాళ్ళకంటే కఠినంగా ఉంటారు. దాటేశాక అది ఎంత కష్టమో మరిచిపోతాం, దాటామన్నది మాత్రం గుర్తుంటుంది. "ఫోటో చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు" అన్నవాడి గురించి ఏం చెప్పను, ఇప్పుడు మంచం మీద ఉన్నవాడు వాణ్ణి ఓదార్చాలి.

అసలు దెబ్బ అంటే అందరికీ ఒకే దెబ్బ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పికి మందు కావాలా అని అడిగితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. 1946లో ఆయన దీన్ని ప్రచురించాడు. ఆ గాయం వాళ్ళకు ప్రాణాలతో యుద్ధం నుంచి బయటపడే దారి అయి ఉంటుందని ఆయన అనుకున్నాడు. అదే గాయం కూలివాడికి తగిలితే? మా వాడికి? వాడికి ఆ కాలు ఏమిటో మేము తలా ఒకటి ఊహించాం. టాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, ఎప్లీ 2018లో 25 ప్రయోగాలు పోగేసి చెప్పిందేమంటే, ఎదుటివాడి స్థానంలో నిలబడి ఎంత ఊహించుకున్నా అంచనా మెరుగుపడదు. నేరుగా అడిగితేనే తెలుస్తుంది.

మాలో అలా అడిగింది ఒక్కతే, టొరంటోలో ఉంటుంది. గ్రూపులో ఏమీ రాయలేదు, వాడికి విడిగా పెట్టింది. తర్వాత వాడే నాకు చూపించాడు: "ఫోటో చూశాను. ఆపరేషన్ అంటే భయంగా ఉందా? ఇప్పుడు జవాబు రాయకపోయినా పర్లేదు. నువ్వు పడిపోవడం వల్ల ఇంట్లో ఏ పని ఆగిపోయిందో అది మాత్రం చెప్పు." వాడు ఆ రాత్రే జవాబిచ్చాడు. నొప్పి గురించి ఒక్క మాటా లేదు. వాళ్ళమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, వాడే బండి మీద తీసుకెళ్ళేవాడు, మంగళవారం ఎవరు తీసుకెళ్తారో తెలియడం లేదని రాశాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. సముద్రాల అవతల ఉన్న మనిషి ఫోన్ చేసి చెబితే, వాడి ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాకు తెలిసింది.

మోకాలి కింద పెద్ద ఎముక అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మా గ్రూపు వారం తిరక్కుండానే ఐపీఎల్‌కి వెళ్ళిపోయింది. కొందరు అసలేమీ రాయలేదు, ఏం రాస్తే ఏమనుకుంటాడో అని ఊరుకున్నామన్నారు. జేమ్స్ డంగన్, డేవిడ్ గోమెజ్, ఎప్లీ 2022లో దీని మీదే రాశారు: సాయం చేయబోయేవాళ్ళు తమ మాట ఎదుటివాడికి ఎంత ఊరటో తక్కువగా అంచనా వేసుకుని వెనకాడతారు, అందుకునేవాళ్ళు మాటల నేర్పు కంటే ఆప్యాయతనే ఎక్కువ పట్టించుకుంటారు. మూడో నెలలో "ఎలా ఉన్నావురా" అని ఊరికే పలకరించినవాడి పేరు మా వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మంగళవారం నేనే కారు తీశాను. వాళ్ళమ్మ వెనక సీట్లో ఓ మూలకి సర్దుకుని కూర్చుంది, చేతిలో రిపోర్టుల కవరు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫ్లైఓవర్ దిగాక అడిగింది, "బాబూ, వాడు ఆ రోజు హెల్మెట్ పెట్టుకున్నాడా?"

నేను గ్రూపులో అడిగినదానికి వాడు ఇప్పటిదాకా జవాబివ్వలేదు. "పెట్టుకున్నాడమ్మా" అన్నాను.