ఫ్యాటీ లివర్‌కు బరువుల వ్యాయామం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒంటి బరువు తగ్గలేదంటే వ్యాయామం వల్ల కాలేయానికి మేలేమీ జరగనట్టే.

వాస్తవం: స్థూలకాయంతో పాటు ఫ్యాటీ లివర్ ఉన్నవారు చాలామంది ఈ నమ్మకంతోనే నెల తిరగకుండా వ్యాయామం మానేస్తారు. భోజనం తర్వాత రక్తంలోకి చేరే గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకోవలసినవి కండరాలే. అవి ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు మిగిలిన గ్లూకోజులో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. బరువులు ఎత్తేటప్పుడు పనిచేసే కండరం ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూకోజును గ్రహిస్తుంది. ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. బ్రిటన్‌లోని న్యూకాసిల్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 8 వారాల పాటు వారానికి 3 సార్లు ఈ వ్యాయామం చేసినవారి బరువు మారకపోయినా, కాలేయంలోని కొవ్వు మునుపటికంటే సుమారు 13 శాతం తగ్గింది. అది చిన్న అధ్యయనమే, తగ్గుదల కూడా ఒక మోస్తరుదే. కాలేయంలో వాపు, ఫైబ్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడటం) తగ్గాలంటే శరీర బరువులో 7 నుంచి 10 శాతం, వీలైతే అంతకన్నా ఎక్కువ తగ్గడం అవసరం కనుక ఆహార నియమాన్ని వదలకూడదు. అయితే తిండి మాత్రమే తగ్గించుకుంటూ పోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుందని, ఆ నష్టాన్ని చాలావరకు ఆపేది బరువుల వ్యాయామమేనని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: బరువుల వ్యాయామం జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లకే తగినది.

వాస్తవం: కాలేయంలోని కొవ్వును తగ్గించడంలో చురుకైన నడకకూ మంచి ఆధారాలున్నాయి. కానీ మోకాళ్ల నొప్పితో, ఆయాసంతో ఎక్కువ దూరం నడవలేనివారు తమ ఒంటి బరువునే వాడుకుంటూ, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి, మళ్లీ నిదానంగా కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. గోడకు చేతులు ఆనించి చేసే పుషప్స్ తర్వాతి మెట్టు. వారానికి కనీసం 2 రోజులు చేయాలి.

అపోహ: వ్యాయామం మొదలుపెట్టాక కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు పెరిగితే కాలేయం దెబ్బతిన్నట్టే.

వాస్తవం: ఈ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. అలవాటు లేనివారు ఒక్కసారిగా పెద్ద బరువులు ఎత్తితే వారం రోజుల వరకు ఇవి ఎక్కువగా కనిపించవచ్చు. కండరాల ఎంజైము సీపీకే కూడా బాగా పెరిగి, కాలేయ పరీక్షల్లోనివే అయిన జీజీటీ, బిలిరుబిన్ మారకుండా ఉంటే కారణం కండరమే కావచ్చు. అందుకే రక్తపరీక్షకు ముందు వారం కఠిన వ్యాయామం మానడం, చేసి ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పడం మంచిది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఫ్యాటీ లివర్ లేదనుకోవడం కూడా పొరపాటే.

సిర్రోసిస్ (కాలేయమంతా మచ్చలు పడి గట్టిపడే దశ) వచ్చి అన్నవాహికలో సిరలు ఉబ్బినవారు మాత్రం ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు. ఆ సిరలపై ఒత్తిడి పెరుగుతుంది కనుక తమ వైద్యుని సలహాతోనే తేలికపాటి వ్యాయామాలు ఎంచుకోవాలి.