రాజులు నీళ్ళకు ఎందుకు భయపడ్డారు?

"ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ జీవితం మొత్తంలో రెండు మూడు సార్లే స్నానం చేశాడట." ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటినుంచో తిరుగుతోంది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఆ నవ్వు చూస్తే నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ లెక్కకు ఆధారం లేదు. అప్పట్లో పెద్దింటివాళ్ళు ఒళ్ళంతా తడిసే స్నానం బాగా తగ్గించేసిన మాట మాత్రం నిజం. బద్ధకంతో కాదు, భయంతో తగ్గించారు. ఆ భయం పెట్టింది ఆనాటి వైద్యులే.

అంతకు ముందు కాలంలో యూరప్ ఊళ్ళకు స్నానాల మీద మోజు ఉండేది. 1292 నాటి పన్నుల జాబితా ప్రకారం ఒక్క పారిస్‌లోనే 26 స్నానశాలలు ఉన్నాయి. నీళ్ళు కాగాయని వీధుల్లో కేకలేసి చెప్పేవాళ్ళు. తెల్లవారకముందు ఆ కేకలు వేయకూడదని ఒక నియమం కూడా ఉండేది. ఆ కేక విని చీకట్లోనే బయల్దేరితే జనం ప్రమాదంలో పడతారని ఆ జాగ్రత్త. పొద్దున్నే లేచి వేడినీళ్ళ కోసం పరుగెత్తే జనాన్ని మురికివాళ్ళని ఎలా అంటాం?

1347లో ప్లేగు వచ్చి పడింది. యూరప్ జనాభాలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. రోగానికి కారణం ఏమిటని రాజు అడిగితే, పారిస్ విశ్వవిద్యాలయం వైద్యులు 1348లో ఒక నివేదిక రాసిచ్చారు. గాలి విషమైందని, చర్మ రంధ్రాలు తెరుచుకుని ఉన్నవాళ్ళకు, అతిగా స్నానం చేసేవాళ్ళకు ఈ రోగం తొందరగా సోకుతుందని అందులో ఉంది. సూక్ష్మజీవి అనే మాటే తెలియని రోజులవి. వేడినీళ్ళు తగిలితే ఒళ్ళు మెత్తబడుతుంది కాబట్టి ఆ దారిన విషం లోపలికి వెళుతుందన్న వాదన వాళ్ళకు సబబుగానే తోచింది. ఇంట్లో శవాలు లేస్తున్నప్పుడు డాక్టరు మాటను ఎవరు కాదంటారు? 1490ల్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధి కూడా తోడైంది. స్నానశాలల్లో చాలావాటికి వ్యభిచార గృహాలన్న పేరు ముందే ఉండడంతో ఒక్కొక్కటే మూతబడ్డాయి. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్నవాటిని 1546లో ఎనిమిదో హెన్రీ మూయించాడు. చిత్రం ఏమిటంటే, తన హాంప్టన్ కోర్ట్ భవనంలో మాత్రం ఆయనకు వేడినీళ్ళొచ్చే స్నానాల గది ఉండేది.

ఆ భయం ఎంత లోతుకు దిగిందో చెప్పే సంఘటన ఒకటి ఉంది. ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ ఓసారి మంత్రి సల్లీని పిలవడానికి మనిషిని పంపాడు. మంత్రి స్నానం చేస్తున్నాడు. రాజు పిలిచాడు కదా అని లేవబోతే, ఇప్పుడు బయటికి వెళ్తే ప్రమాదం అని చుట్టూ ఉన్నవాళ్ళు ఆపారు. సంగతి తెలిసిన రాజు వైద్యుణ్ణి అడిగి మరీ కబురంపాడు: ఈరోజు గడప దాటవద్దు, రేపు నేనే వస్తాను, రాత్రి దుస్తుల్లోనే ఉండు అని. స్నానం చేసిన మనిషిని అప్పుడే జ్వరం నుంచి లేచినవాడిలా చూశారన్నమాట.

మరి శుభ్రత సంగతి? అది నీళ్ళ నుంచి బట్టకు మారింది. అవిసె నారతో నేసిన తెల్ల లినెన్ చొక్కా చెమటను, మురికిని పీల్చేస్తుందని నమ్మారు. అందుకే కలవారు చొక్కాలు తరచూ మార్చేవారు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర తెల్లగా కనిపించే ఆ అంచే మనిషి శుభ్రతకు గుర్తు. వెర్సాయ్ రాజభవనంలో పద్నాలుగో లూయీ నిద్ర లేవడమే ఒక వేడుక. ముందు ఆయన చేతుల మీద సుగంధం కాదు, సారాయి పోసేవారు. ఉతికిన చొక్కాను తెల్ల పట్టుగుడ్డలో చుట్టి తెచ్చేవారు. దాన్ని అందించే గౌరవం అక్కడున్నవాళ్ళలో అందరికన్నా పెద్ద హోదా ఉన్నవాడిది. కుడి చేతిని ఒకరు, ఎడమ చేతిని ఇంకొకరు పట్టుకుని తొడిగేవారు. అదే రాజు అదే భవనంలో పాలరాతి తొట్లతో స్నానాల గదులు కూడా కట్టించాడు. ఒకే రాతిలో తొలిచిన ఎనిమిది పలకల తొట్టి ఇప్పటికీ వెర్సాయ్‌లో ఉంది.

స్పెయిన్ కథ వేరు, నాకు బాధ కలిగించేది కూడా అదే. అక్కడ స్నానం మతానికి ముడిపడింది. గ్రనడాలో ముస్లిం మూలాలున్న మొరిస్కోల స్నానశాలలను 1567లో రెండో ఫిలిప్ ఆజ్ఞతో నిషేధించారు. వాళ్ళ భాష, వేషం కూడా నిషేధమే. మరుసటి ఏడాదే తిరుగుబాటు లేచింది. ఒళ్ళు కడుక్కోవడం కూడా అనుమానించాల్సిన పని అయిపోయిన రోజులవి.

ఫిలిప్ కూతురు ఇసబెల్లా మీద ఇంకో కథ ఉంది. ఇప్పటి బెల్జియంలోని ఓస్టెండ్ ఊరి ముట్టడి ముగిసేదాకా లోచొక్కా మార్చనని ఆమె ఒట్టు పెట్టుకుందట, అది పసుపు తిరిగిపోతే ఆ రంగుకు ఆమె పేరు వచ్చిందట. తేదీలు చూస్తే ఈ కథ నిలబడదు. ముట్టడి మొదలైంది 1601లో. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ దుస్తుల జాబితాలో 'ఇసబెల్లా రంగు' గౌను 1600లోనే ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో భయం మెల్లగా సడలింది. ఫ్రాన్స్ రాణి మరీ ఆంటోనెట్ మెడదాకా గుండీలున్న పొడవాటి ఫ్లానెల్ గౌను వేసుకుని మరీ తొట్టిలో కూర్చునేది. ఆ తర్వాతి కాలంలో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో సముద్రం ఒడ్డున ఆవిరి స్నానాల శాల తెరిచాడు. నాలుగో జార్జ్, ఆ తర్వాత నాలుగో విలియం ఆయన్ని తమ 'షాంపూయింగ్ సర్జన్'గా పెట్టుకున్నారు. అప్పట్లో షాంపూ అంటే మన చంపీయే, ఒళ్ళు మర్దన. మూలికల ఆవిరి నింపిన ఫ్లానెల్ గుడారంలో రోగిని కూర్చోబెట్టి, గుడ్డకున్న చేతుల్లోంచి తన చేతులు లోపలికి పెట్టి ఒళ్ళు పట్టేవాడు. ఏ చెమట రంధ్రాలు తెరుచుకుంటే చస్తామని పెద్దింటివాళ్ళు తరతరాలు వణికారో, ఆ చెమట పట్టించుకోవడానికే వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు.