కాకి నలుపు, కాకి ఎరుపు

"కుండ చెమరుస్తుంది, ఆవకాయ జాడీ చెమర్చదు. రెండూ మట్టే కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కుండ వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది, రేణువుల మధ్య సందులు మిగిలిపోతాయి. జాడీ మట్టి 1200 డిగ్రీలు దాటాక కొంత కరిగి, గాజై, ఆ సందుల్ని పూడ్చేస్తుంది. అదే స్టోన్‌వేర్. నాకు ఇంతకన్నా ముచ్చటైనది దాని పైపూత. అందుకు జపాన్‌లోని మషికో వెళ్లాలి.

అదీ వంటింటి పాత్రల ఊరే. 1924లో అక్కడ స్థిరపడిన కుమ్మరి హమదా షోజి అంతకుముందు టోక్యోలో సిరామిక్స్ చదివి, క్యోటో ప్రయోగశాలలో వేలకొద్దీ గ్లేజులు, అంటే గాజు పూతలు, పరీక్షించినవాడు. అంత చదివీ, ఊరి దగ్గర దొరికే రాతిని దంచిన పొడినే పూతగా వాడుకున్నాడు! ఆయన నాలుగు పలకల పూలజాడీల మీద కనిపించే తుప్పు ఎరుపు దానిదే. పేరు 'కాకి'. మన కాకి కాదు, జపనీయుల పెర్సిమన్ పండు.

రంగంతా ఇనుముదే. గ్లేజులో నూటికి ఒకటి రెండు పాళ్లుంటే, బట్టీకి గాలి తగ్గించి కాల్చినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. ఆక్సిజన్ ఎక్కువున్న ఫెర్రిక్ ఇనుము, తక్కువున్న ఫెర్రస్‌గా మారి లేత ఆకుపచ్చ వస్తుంది. (బళ్లో ఈ రెండు మాటలూ వల్లె వేయించారు. అలాంటి గిన్నె ఒక్కటి బల్ల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!) ఎనిమిది పాళ్లకు చేరితే వెలుగునంతా మింగేసి నలుపవుతుంది. ఆ నల్ల పూత పేరు తెన్మొకు.

ఇంకా పెంచితే మరింత నలుపు రావాలి కదా? రాదు, ఎరుపు తిరుగుతుంది. చక్కెర పాకం గుర్తుచేసుకోండి. వేడి మీద ఎంత చక్కెరైనా కరుగుతుంది, చల్లారేకొద్దీ పట్టక పలుకు కడుతుంది. కరిగిన గాజులో ఇనుమూ అంతే. చల్లారేటప్పుడు ఇముడ్చుకోలేని ఇనుము పైపొరలో హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్ పలుకులుగా తేలుతుంది. తొందరగా చల్లార్చితే పలుకు కట్టే వ్యవధి ఉండదు, నలుపే మిగులుతుంది. హమదా కట్టెల బట్టీ కొండవాలున మెట్లుమెట్లుగా ఉండే నొబొరిగామా. అంత పెద్ద బట్టీ చల్లారడానికి రోజులు పడుతుంది, పలుకులకు కావలసిందీ అదే.

నల్లటి తెన్మొకు జాడీ దొరికితే మూతి అంచు చూడండి. అక్కడ పూత కిందికి జారి పల్చబడుతుంది. బట్టీ చల్లారేటప్పుడు చేరే గాలి, ఆ పల్చటి చోట ఇనుముని సులువుగా అందుకుంటుంది. ఒంటి నిండా నలుపు, అంచున మాత్రం సన్నటి తుప్పురంగు గీత.