ఇంజను మీద నిలబడ్డ ఫ్యాక్టరీకి బ్యాటరీ ఎందుకు?

పుదుపేటలో పాత కార్ల విడిభాగాలు అమ్మే వీధిలో ఒక చిన్న షెడ్డు ఉంది. నాయుడుపేట నుంచి ముప్పై ఏళ్ల కిందట చెన్నై వచ్చిన మెకానిక్ ఒకాయన దాన్ని నడుపుతున్నాడు. మొన్న నేను వెళ్లేసరికి బల్ల మీద శాంత్రో ఇంజను ఒకటి హెడ్డు విప్పి పెట్టి ఉంది. నాలుగు పిస్టన్ల నెత్తిన నల్లటి మసి. గోటితో ఆ మసి గీకుతూ ఆయన పాత సంగతి ఎత్తాడు. "ఈ బండి వచ్చిన కొత్తలో మేమెవరమూ దీని జోలికి పోలేదు సార్. కార్బురేటరు ఎక్కడుందా అని వెతికాం. లేదు. కంప్యూటరు తగిలించి చూడాలన్నారు. ఇక మన పని అయిపోయింది, ఊరెళ్లి సేద్యం చేసుకుందాం అనుకున్నాను."

ఆయన ఊరెళ్లలేదు. రెండేళ్లలో ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేయడం నేర్చుకున్నాడు. ఆ బండి తయారు చేసిన కొరియా కంపెనీ హ్యుందాయే ఇప్పుడు పెట్రోలు నుంచి బ్యాటరీ వైపు, దాని పక్కనే హైడ్రోజన్ వైపు దారి వేసుకుంటున్నానంటోంది. ఈ మలుపు సంగతి తెలియాలంటే ముందు శాంత్రో దగ్గరికే వెళ్లాలి. హ్యుందాయ్ ఈ దేశంలో కాలూనింది కూడా ఒక ఇంజను మార్పు పుణ్యానే.

చెన్నై నుంచి బెంగళూరు బస్సెక్కితే పూందమల్లి దాటిన కాసేపటికి హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. దానికి ఆవల శ్రీపెరంబుదూరు. మనవాళ్లకు అది రామానుజులు పుట్టిన ఊరిగా తెలుసు, 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన ఊరిగా తెలుసు. కార్ల ఊరన్న పేరు ఆ తర్వాతిది. హ్యుందాయ్ మోటార్ ఇండియా 1996 మేలో ఏర్పడింది. 1998 సెప్టెంబరు 23న శాంత్రో బయటికి వచ్చింది. పొడుగ్గా డబ్బాలా ఉన్న ఆ ఆకారాన్ని చూసి నవ్వినవాళ్లు చాలామందే. బానెట్ కింద ఉన్న సరుకు మాత్రం నవ్వి తీసిపారేసేది కాదు. 999 సీసీ ఇంజను, ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు, ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కగట్టి చెప్పే చిన్న కంప్యూటరు. అప్పటి మారుతి 800లో ఆ పనంతా కార్బురేటరు తన అంచనాతో నెట్టుకొచ్చేది.

ఏడు నెలలు గడిచాయో లేదో, 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఢిల్లీ పరిసరాల్లో అమ్మే కొత్త కార్లు ఆ జూన్ నుంచి యూరో 1, 2000 ఏప్రిల్ నుంచి యూరో 2 కాలుష్య ప్రమాణాలు పాటించాలి. కార్బురేటరు బండ్లు అమ్ముతున్నవాళ్లు ఉరుకుల పరుగుల మీద ఇంజన్లు మార్చుకోవలసి వచ్చింది. శాంత్రో అప్పటికే సిద్ధంగా ఉంది. ప్రకటనల్లో షారుఖ్ ఖాన్ కనిపించడం వల్లే ఆ కారు నడిచిందని ఇప్పటికీ అంటుంటారు. కొంత నిజమే కావచ్చు. కోర్టు ఆదేశానికి దక్కాల్సిన పేరు మాత్రం దక్కలేదని నా అభిప్రాయం.

ఇంజను మీద ఈ కంపెనీకి ఉన్న మమకారానికి కొరియాలో పాత కథ ఉంది. 1967లో పుట్టిన హ్యుందాయ్ మొదట ఫోర్డ్ కార్టినాలు బిగించింది. 1975లో వచ్చిన సొంత కారు పోనీలో ఇంజను మిత్సుబిషిది. ఏళ్ల తరబడి జపాన్‌కు రాయల్టీ కట్టాక, 1991లో గానీ ఆల్ఫా అనే సొంత ఇంజను చేతికి రాలేదు. అలా కష్టపడి సంపాదించుకున్న విద్యను వదలడం ఎవరికైనా ప్రాణసంకటమే. చెన్నైలో 2008లో రెండో ప్లాంటు మొదలైంది, కప్పా రకం ఇంజన్ల తయారీ కూడా అప్పుడే ఇక్కడికి వచ్చింది. పెనుకొండలో హ్యుందాయ్ గ్రూపుకే చెందిన కియా కార్లకు వెళ్లే ఇంజన్లు కూడా తమిళనాడు నుంచే లారీల్లో వస్తాయి. 2025లో పెనుకొండలో ఐదేళ్లుగా సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయని పోలీసు కేసు నమోదైనప్పుడు, ఇంజన్లు బయటి నుంచి వస్తాయన్న సంగతే చాలామందికి కొత్తగా తెలిసింది.

ఇలా ఇంజన్ల మీదే బతికిన కంపెనీని బ్యాటరీ వైపు నెట్టింది ఏమిటి? పర్యావరణ స్పృహ అని ప్రకటనలు చెబుతాయి. నేనైతే ఒక సగటు లెక్కను చూపిస్తాను.

2017 నుంచి మన దేశంలో కార్ల కంపెనీలకు సగటు ఉద్గారాల నియమం అమల్లో ఉంది. ఒక్కో కారును విడిగా చూడరు. ఏడాదిలో కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు తీస్తారు. మొదట కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదన్నారు. 2022 నుంచి దాన్ని 113 గ్రాములకు బిగించారు. బండి బరువును బట్టి ఒక్కో కంపెనీ హద్దు కొంత అటూ ఇటూ అవుతుంది. అసలు కీలకం ఇంకొకటి ఉంది. ఈ సగటు తీసేటప్పుడు ఒక విద్యుత్ కారును మూడు కార్ల కింద లెక్కిస్తారు. తరగతిలో ముప్పై మార్కుల పిల్లలు ఎక్కువైనప్పుడు నూటికి నూరు తెచ్చే ఒక్క పిల్లవాడిని ముగ్గురిగా హాజరు వేసినట్టు. జనం చిన్న కార్లు మాని క్రెటా లాంటి ఎత్తు బండ్ల మీద పడ్డ కాలంలో ఆ పిల్లవాడి విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. పెట్రోలు క్రెటాలు నిశ్చింతగా అమ్ముకోవడానికి కూడా విద్యుత్ క్రెటా అవసరం.

హ్యుందాయ్ కన్నా ముందే ఈ దారి తొక్కినవాళ్లు లేకపోలేదు. బెంగళూరులో చేతన్ మైనీ బృందం 2001లోనే రేవా విద్యుత్ కారును అమ్మకానికి పెట్టింది. సీసం బ్యాటరీలతో నడిచే ఆ చిట్టి బండికి మన రోడ్ల మీద కన్నా లండన్‌లో ఆదరణ దొరికింది, ఎందుకంటే అక్కడ రద్దీ సుంకం నుంచి దానికి మినహాయింపు ఉండేది. 2010లో రేవాను మహీంద్రా కొనేసింది. లండన్‌లో కూడా ఆ బండిని నడిపింది సుంకం మినహాయింపే.

చెన్నైలో హ్యుందాయ్ మొదటి ప్రయత్నం 2019 జులైలో జరిగింది. 39.2 యూనిట్ల బ్యాటరీతో కోనా ఎలక్ట్రిక్ వచ్చింది. ఒక్క చార్జింగ్‌తో 452 కిలోమీటర్లు వెళ్తుందని ధ్రువీకరణ. ధర 25 లక్షల పైమాటే. ఆ ఆగస్టు 1న విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడంతో ధర ఒకటిన్నర లక్షకు పైగా దిగింది. అయినా రోడ్ల మీద అది అరుదుగానే కనిపించింది. 2020 చివరలో బ్యాటరీ లోపం అనుమానంతో మన దేశంలో 456 కోనాలను తనిఖీకి వెనక్కి పిలిచారు. 2023లో వచ్చిన అయోనిక్ 5 ఇంకా ఖరీదైనది. మధ్యతరగతి వాడి గుమ్మం దాకా వచ్చిన బండి మాత్రం 2025 జనవరిలో విడుదలైన క్రెటా ఎలక్ట్రిక్. దానికి 42, 51.4 యూనిట్ల బ్యాటరీలు రెండు రకాలు. ధర 18 లక్షల దగ్గర మొదలైంది. పెట్రోలు క్రెటా ఒళ్లే, లోపల మాత్రం వేరే ప్రాణం.

దీని వెనక డబ్బు లెక్క పెద్దది. 2023 మేలో తమిళనాడు ప్రభుత్వంతో హ్యుందాయ్ పదేళ్లలో 20,000 కోట్ల రూపాయల పెట్టుబడికి ఒప్పందం రాసుకుంది. ఏడాదికి 1,78,000 బ్యాటరీ ప్యాకులు కూర్చే ఏర్పాటు అందులో భాగం. 2024 జనవరిలో మరో 6,180 కోట్లు ప్రకటించింది. అందులో 180 కోట్లు ఐఐటీ మద్రాసుతో కలిసి నెలకొల్పే హైడ్రోజన్ కేంద్రానికి. ఇక్కడొక మెలిక ఉంది. ప్యాకు కూర్చడం వేరు, లోపలి సెల్లు తయారు చేయడం వేరు. సెల్లు దేశంలోనే చేయించుకోవడానికి 2024 ఏప్రిల్‌లో ఎక్సైడ్ ఎనర్జీతో ఒప్పందం కుదిరింది. ఒకప్పుడు ఇంజను కోసం మిత్సుబిషి వైపు చూసినట్టే, సెల్లు కోసం మరొకరి వైపు చూడాల్సిన పరిస్థితి.

ఇక హైడ్రోజన్. హ్యుందాయ్ 1998 నుంచి ఫ్యూయల్ సెల్ మీద పనిచేస్తోంది. 2013లో ఐఎక్స్ 35ను, 2018లో నెక్సోను హైడ్రోజన్ కార్లుగా తెచ్చింది. 2020లో స్విట్జర్లాండ్‌కు హైడ్రోజన్ ట్రక్కులు పంపింది. ఇందులో మండేదేమీ లేదు. ట్యాంకులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ ఒక పల్చటి పొరకు చెరో పక్క నుంచి కలుస్తాయి, కరెంటు పుడుతుంది, పొగగొట్టంలోంచి నీళ్లు వస్తాయి. వినడానికి ముచ్చటగా ఉంటుంది, లెక్క వేస్తే ముచ్చట తగ్గుతుంది. నీటి నుంచి కిలో హైడ్రోజన్ విడదీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కిలోలో దాగే శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ అందులో సగం పైచిలుకే కరెంటుగా తిరిగిస్తుంది. వాయువును 700 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 700 రెట్ల) ఒత్తిడితో ట్యాంకులో కుక్కడానికి మరికొంత ఖర్చు. అదే 50 యూనిట్లు నేరుగా బ్యాటరీలో పోస్తే నలభై దాకా మోటారుకు చేరతాయి.

అందుకే ఇంటి ముందు నిలిపే కారుకు హైడ్రోజన్ అతకదని నాకు అనిపిస్తుంది. టన్నుల కొద్దీ బ్యాటరీ మోయలేని లారీకి, రైలుకు, ఓడరేవులో రాత్రింబవళ్లు తిరిగే బండికి అయితే వేరే సంగతి. చెన్నైలో కదలిక కూడా ఆ వైపే ఉంది. 2023 ఫిబ్రవరిలో అశోక్ లేలాండ్, రిలయన్స్ కలిసి ఇంజనులోనే హైడ్రోజన్‌ను మండించే లారీని చూపించాయి. 2025 జులైలో పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో 1,200 హార్స్‌పవర్ హైడ్రోజన్ రైలు పెట్టెను పరీక్షించారు. 2023లో కేంద్రం 19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది కాబట్టి ఈ ఉత్సాహానికి కొంత ఆసరా ఉంది.

అయితే పెట్రోలు పోయినట్టేనా? కంపెనీ మాటలే మారుతున్నాయి. 2021లో హ్యుందాయ్ 2035 నాటికి యూరప్‌లో ఉద్గారాలు లేని బండ్లే అమ్ముతానంది. 2024 ఆగస్టుకు వచ్చేసరికి, పెట్రోలు ఇంజను, బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్ రకాలను 7 నుంచి 14కు పెంచుతానంది. మన దేశంలో 2030 ఆర్థిక సంవత్సరంలోగా తెస్తానన్న 26 బండ్లలో విద్యుత్తువి ఆరే. ఈలోగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది, 18కి దిగింది. విద్యుత్ బండికి పాత 5 శాతమే. అంటే 24 శాతంగా ఉన్న తేడా 13కు కుంచించుకుపోయింది.

చెన్నై దగ్గరి మరైమలై నగర్ చూడండి. 2021లో తలుపులు మూస్తున్నట్టు చెప్పి, మరుసటి ఏడాది ఉత్పత్తి ఆపేసిన ఫోర్డ్, 2029 నుంచి అక్కడ ఏడాదికి 2,35,000 ఇంజన్లు తయారు చేస్తానని 2025 అక్టోబరులో ఒప్పందం రాసుకుంది. ఆ ఇంజన్లు ఎగుమతికే. సెంబియంలో 1949 నుంచి పిస్టన్లు పోస్తున్న కంపెనీ ఉంది. అంబత్తూరులో వాల్వులు, గాస్కెట్లు చేసే చిన్న చిన్న షెడ్లు ఉన్నాయి. విద్యుత్ బండికి పిస్టన్ అక్కర్లేదు, రింగులు అక్కర్లేదు, సైలెన్సరు అక్కర్లేదు. ఫోర్డ్ వార్త వాళ్లకు ఎంత ఊరటో వాళ్లనే అడగాలి.

మా మెకానిక్ షెడ్డుకు ఆ మధ్య ఒక క్రెటా ఎలక్ట్రిక్ వచ్చిందట. గోడకు రాసుకుని ముందు బంపరు సొట్టపోయింది, అంతే. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాడు. లోపల లావుపాటి నారింజ రంగు కేబుళ్లు. ఆ రంగు చూస్తే ముట్టుకోవద్దని ఎవరో చెప్పారట, చేయి వెనక్కి తీసుకుని బానెట్ దించేశాడు. సొట్ట తీసి, రంగు వేసి, డబ్బులు తీసుకుని పంపించాడు. వాళ్లబ్బాయి ఇప్పుడు ఆ కేబుళ్ల పని నేర్పే కోర్సులో చేరతానంటున్నాడు.

"మరి హైడ్రోజన్ బండి వస్తే గ్యాసు ఎక్కడ పట్టించుకోవాలి సార్?" అని అడిగాడు. ఐఐటీ వాళ్ల కేంద్రం థైయూరులో వస్తోందని చెప్పాను.

"మహాబలిపురం దారిలోనా? పోయి రావడానికే సగం ట్యాంకు అయిపోతుంది" అని మళ్లీ శాంత్రో పిస్టన్ అందుకున్నాడు.