గుడ్లు తెస్తే చాలదు

పిల్లలూ,

చైనా నుంచి పట్టుపురుగు గుడ్లను చేతికర్రలో దాచి ఎత్తుకొచ్చారట, నిజమేనా తాతయ్యా అని అడిగారు కదా. దొంగతనం కథంటే ఎంత హుషారో మీకు!

అప్పట్లో కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌ను, జస్టీనియన్ చక్రవర్తి ఏలుతున్నాడు. పట్టు కావాలంటే శత్రువులైన పర్షియన్ల దగ్గరే కొనాలి. ఇథియోపియా వాళ్ళ ద్వారా తెప్పిద్దామని చూశాడు గానీ కుదరలేదు. భారతదేశపు ఓడలు ఆగే రేవుల్లో పర్షియన్లే ముందుగా కాచుకుని ఉండి సరుకంతా కొనేసేవారు.

క్రీ.శ. 552 ప్రాంతంలో కొందరు సన్యాసులు వచ్చి, పురుగుల్ని ప్రాణంతో తేలేం, గుడ్లయితే తేగలం అన్నారు. తెచ్చారు కూడా. వాటిని పేడతో కప్పి ఆ వెచ్చదనంతో పొదిగించే పద్ధతి గురించి ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. ఆయన రాతలో కర్ర ఊసే లేదు. అది తర్వాత మరొకరు రాసిన కథలోది, అందులో తెచ్చినవాడు ఒక పర్షియన్. నాకైతే కర్ర కన్నా పేడ కథే నమ్మబుద్ధేస్తుంది.

సరే, గుడ్లు వచ్చాయి. పనైపోయిందా? చిన్న పురుగులకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేయాలి. అవి నాలుగుసార్లు పొర విడుస్తాయి, మన హిందూపురం వైపు రైతుల మాటలో నాలుగు జ్వరాలు. ఆ టైంలో ఆకు ముట్టవు. గూడు కట్టాక, లోపలి పురుగు రెక్కల చిలుకగా మారి దాన్ని తొలుచుకుని బయటికి రాకముందే వేడినీళ్ళలో వేసి, వేలికొసలతో పోగు కొస దొరకబుచ్చుకోవాలి. ఒక్కో గూట్లో కిలోమీటరు దాకా పోగు ఉంటుంది, కానీ ఒంటి పోగు మరీ సన్నం. అందుకని కొన్ని గూళ్ళ పోగులు కలిపి లాగుతారు. మధ్యలో ఒకటి తెగిందా, మళ్ళీ కొస వెతుక్కోవాల్సిందే. పుస్తకం చదివి వచ్చే పని కాదు.

ఆ తర్వాత కాన్‌స్టాంటినోపుల్ తన పట్టును గట్టిగా కాపాడుకుంది. కొన్ని ఊదారంగు బట్టలు దేశం దాటకూడదు. 968లో ఇటలీ నుంచి రాయబారిగా వచ్చిన లియుట్‌ప్రాండ్ అనే బిషప్ దగ్గర అలాంటివి అయిదు దొరికితే లాగేసుకున్నారు. వెనిస్, అమాల్ఫీ వర్తకులు ఇవే తెచ్చి మా దేశంలో అమ్ముతున్నారు కదా అని ఆయన వాదించాడు. ఎవరూ వినలేదు.

ఇటలీ పక్కనున్న సిసిలీ దీవి రాజు రెండో రోజర్ లెక్క వేరు. ఆయన ఊరు పలెర్మోలో పట్టు పని అప్పటికే ఉంది. 1133-34లో అక్కడ తయారైన ఆయన ఎర్రపట్టు వస్త్రం, అంచున అరబిక్ అక్షరాలతో, ఇప్పటికీ వియన్నాలో ఉంది. అయినా సరిపోలేదు కాబోలు, 1147లో ఆయన సైన్యం గ్రీసులోని తీబ్స్, కోరింత్ మీద పడి పట్టు నేసే ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ పట్టుకుపోయింది. తర్వాత సంధి కుదిరి మిగతా బందీలను వదిలేశారు. నేతగాళ్ళను మాత్రం పంపలేదు.

మీ తాతయ్య