చెరువుగట్టు మీద యాప్: అపోహలు - వాస్తవాలు

భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కొట్టులో పగలంతా లెక్కలు రాస్తాను. రాత్రి అన్నం తిన్నాక ల్యాప్‌టాప్ తెరుస్తాను. ఇప్పటికి మూడు యాప్‌లు చేశాను. ఒకటి ప్లే స్టోర్‌లో ఉంది, ఒకటి మా బాబాయి చెరువు మీద ఉంది, మూడోది ఎవరికీ చూపించను. కొట్టుకు వచ్చేవాళ్ల నోట యాప్‌ల మీద, ఫోన్‌ల మీద ఈ అపోహలు విని విని, ఇక రాసేద్దామనిపించింది.

అపోహ: యాప్ చేయాలంటే ఇంజినీరింగ్ చదవాలి, లక్ష రూపాయల కంప్యూటర్ ఉండాలి.

నేను బీకాం. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం, కోడ్ రాసే కోట్లిన్ భాషా ఉచితమే. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిస్తే మాత్రం ఫ్యాను గోల పెడుతుంది, మౌస్ కదలదు. దాని జోలికి పోకుండా పాత ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి అందులోనే పరీక్షించుకోండి. ఐఫోన్‌కి చేయాలంటే మ్యాక్ కావాలి, స్టోర్‌లో పెట్టడానికి ఏటా 99 డాలర్లు కట్టాలి. మనకెందుకులెండి.

అపోహ: ప్లే స్టోర్‌లో పెడితే డబ్బులే డబ్బులు.

ముందు మనమే 25 డాలర్లు కట్టాలి, అది ఒక్కసారే. 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో మెలిక ఉంది. యాప్‌ని అందరికీ విడుదల చేసే ముందు 12 మంది వరుసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి. మొదట్లో 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు. సరిగ్గా 12 మందిని పోగేశాను. పదకొండో రోజున మా బావమరిది టెస్టింగ్ నుంచి తప్పుకున్నాడు. మళ్లీ ఒకటో రోజు. సంపాదన సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

అపోహ: తెలుగు యాప్ అంటే ఇంగ్లిష్ మాటల స్థానంలో తెలుగు మాటలు పెట్టడమే.

మేత లెక్కల యాప్‌లో చెరువు పేరుకి 10 అక్షరాల హద్దు పెట్టాను. 'పుంత చెరువు' అని కొడితే 'పుంత చెరువ' అని వచ్చింది. కంటికి అవి ఐదక్షరాలే. కంప్యూటర్‌కి మాత్రం కొమ్ము, ఎత్వం, సున్నా వేటికవే లెక్క, మధ్యలో ఖాళీతో కలిపి మొత్తం 11. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు. పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేశారు. మన ఒత్తులంటే అంత తేలిక కాదు మరి.

అపోహ: కోడ్ సరిగ్గా ఉంటే యాప్ పనిచేస్తుంది.

నేనూ ఇలాగే అనుకున్నాను. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా నీటిలో నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వకపోగా వాడుకుంటుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. అందుకని బాబాయి చెరువు దగ్గర, ఏరియేటర్ మోటార్లను నడిపే స్విచ్చు పెట్టె, అంటే స్టార్టర్, ఉన్న షెడ్డులో ఒక పాత ఫోన్‌ని చార్జర్‌కి పెట్టి ఉంచాను. చార్జర్‌కి కరెంటు ఆగగానే యాప్ బాబాయికి ఫోన్ చేస్తుంది. పదిసార్లు ప్లగ్ పీకి చూశాను, పదిసార్లూ మోగింది.

నెల తిరక్కుండానే ఒక రాత్రి మూడున్నరకి ఏరియేటర్లు ఆగాయి. ఫోన్ మోగలేదు. ఏరియేటర్ల హోరు ఆగేసరికి కాపలా కుర్రాడికి మెలకువ వచ్చి జనరేటర్ వేశాడు. అప్పటికే రొయ్య గట్టు వెంట పైకి తేలింది. తెల్లారాక చూస్తే కరెంటు వచ్చే మూడు ఫేజుల్లో, అంటే మూడు తీగల్లో, ఒకదాని ఫ్యూజు పోయింది. దాంతో స్టార్టర్ దానంతటదే పడిపోయి మోటార్లన్నీ ఆగాయి. నా చార్జర్ ఉన్నది ఇంకో ఫేజు మీద. అది హాయిగా ఎక్కుతూనే ఉంది. "నీ ఫోనుకి కరెంటుందిరా, నా రొయ్యకే లేదు" అన్నాడు బాబాయి. తిట్టినా బాగుండేది.

కోడ్‌లో ఒక్క లైను మార్చలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చార్జర్ ప్లగ్గుని స్టార్టర్ తర్వాతి తీగల మీదకు మార్చాడు. ఇప్పుడు ఏ కారణంతో స్టార్టర్ పడినా చార్జర్ కూడా ఆగుతుంది. ఇరవై నిమిషాల పని.

ఆ తర్వాత ఇంకోటి. కుర్రాడు 'బ్యాటరీ మిగులుతుందండీ' అని తెరిచి ఉన్న యాప్‌లన్నీ పైకి తోసేసేవాడు, వాటితో పాటే నా యాపూ పోయేది. అలా తోసేస్తే మిగిలేదేమీ ఉండదు. వాడని యాప్‌లని ఆండ్రాయిడ్ తనే నిద్రపుచ్చుతుంది, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ ఆ ఏర్పాటు ఉంది. మూసిన యాప్‌ని మళ్లీ మొదటి నుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. అలారం లాంటి యాప్‌కి బ్యాటరీ సెట్టింగుల్లో పరిమితి తీసేయాలి.

వేసవిలో మరో దెబ్బ తగిలింది. రేకుల షెడ్డులో రాత్రింబవళ్లు నూరు శాతం చార్జింగ్‌తో ఉన్న ఫోన్ బ్యాటరీ బూరెలా పొంగి వెనక మూత లేచిపోయింది. లిథియం బ్యాటరీకి వేడి, ఎప్పుడూ నిండుగా ఉండడం, రెండూ పడవు. ఇప్పుడు పెట్టిన ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంది. తాటాకు నీడలోకి కూడా మార్చాం.

అపోహ: తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెడితే బాగవుతుంది.

ధాన్యం పండే ఊళ్లో ఈ మాట ఎవరు కాదంటారు? బియ్యం లోపలి తడిని లాగదు, పైగా నలుసులు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. ఆపిల్ కూడా వద్దనే చెబుతోంది. వెంటనే స్విచాఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, చార్జింగ్ రంధ్రం కిందికి వచ్చేలా పట్టుకుని తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. చార్జింగ్ మాత్రం పెట్టొద్దు. ఫోన్ మీద ఐపీ68 అని, అంటే నీళ్లకు తట్టుకుంటుందని, ఉంది కదా అని ధీమాగా చెరువులో దింపకండి. ఆ పరీక్ష మంచినీటిలో చేస్తారు, మన చెరువుల ఉప్పునీటిలో కాదు.

మా కొట్టుకు వచ్చే ఒకాయన తడిసిన ఫోన్‌ని రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచి, ఆన్ అయిందని అందరికీ చూపించాడు. వారానికి చార్జింగ్ ఎక్కడం మానేసింది. రిపేరు షాపుకి నేనూ తోడు వెళ్లాను. లోపలి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటి మధ్యలోంచి షాపు కుర్రాడు పట్టకారుతో ఒక నూక తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.