అట్లాంటా ఓటు వెనక నాలుగు వందల ఏళ్లు

2005 జులై 4న అట్లాంటాలో, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే అమెరికా ప్రొటెస్టెంట్ శాఖ వాళ్ల జనరల్ సినడ్ (ప్రతినిధుల మహాసభ), స్వలింగ జంటలకూ పెళ్లి హక్కు ఉండాలని ఓటేసింది. అమెరికా సుప్రీంకోర్టు అదే మాట చెప్పడానికి ఇంకా పదేళ్లు ఉంది. అప్పట్నుంచీ ఈ చర్చి పేరెత్తితే "కాలంతో పాటు కొట్టుకుపోయినవాళ్లు", "బైబిల్ వదిలేసినవాళ్లు" అనే మాట ఒకటి తయారుగా ఉంటుంది. మనవాళ్లలో కూడా చాలామంది అదే అంటారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఇది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకుంటే మాత్రం పొరపాటే, దీని వేర్లు చాలా లోతుగా ఉన్నాయి.

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాలోని ప్లిమత్ చేరినవాళ్లలో, ఈ చర్చికి పూర్వీకులనదగ్గ ఒక చిన్న సంఘం ఉంది. ఇంగ్లండులో రాజు చర్చి మాకొద్దని విడిపోయి, హాలండులోని లైడెన్‌లో పదేళ్లకు పైగా తలదాచుకున్నవాళ్లు. వాళ్ల పాస్టర్ జాన్ రాబిన్సన్ లైడెన్‌లోనే ఉండిపోయాడు. బయల్దేరేవాళ్లకు ఆయన చెప్పిన వీడ్కోలు మాటల్ని ఎడ్వర్డ్ విన్‌స్లో తర్వాత రాసిపెట్టాడు. దేవుడు తన వాక్యంలోంచి ఇంకా కొత్త సత్యాన్ని, కొత్త వెలుగును బయటపెట్టబోతున్నాడని, సంస్కర్తలైన లూథర్ దగ్గరో కాల్విన్ దగ్గరో ఆగిపోవద్దని వాటి సారాంశం. ఈ చర్చి వాళ్లు ఇవాళ్టికీ "దేవుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు" అంటారే, అది 2004లో మొదలైన ప్రచారమే అయినా అందులో ఉన్న నమ్మకం మాత్రం ఆ వీడ్కోలు నాటిదే.

రెండో సంగతి బిషప్పులు లేకపోవడం. ప్రతి ఊరి సంఘం దేవుడి ముందు ఒక నిబంధన చేసుకుని, తన పాస్టర్‌ని తానే పిలుచుకుని, తన లెక్కలు తానే చూసుకుంటుంది. దీన్నే కాంగ్రిగేషనల్ పద్ధతి అంటారు. 1648 నాటి కేంబ్రిడ్జ్ ప్లాట్‌ఫారం అనే నియమపత్రం దీన్ని కాగితం మీద పెట్టింది. ఈ పద్ధతి అర్థం కాకపోతే తర్వాత జరిగిన ఏదీ అర్థం కాదు.

అలాగని వాళ్లు మొదట్నుంచీ దయామూర్తులేం కాదు. తమ స్వేచ్ఛ కోసం సముద్రం దాటిన జనమే ఇతరుల స్వేచ్ఛ విషయంలో క్రూరంగా ఉన్నారు. వాళ్లు స్థిరపడ్డ న్యూ ఇంగ్లండులో (అమెరికా ఈశాన్య తీరం) చర్చీ, ప్రభుత్వమూ కలిసిపోయాయి. తమతో విభేదించిన రోజర్ విలియమ్స్‌ని వెళ్లగొట్టారు, ఆన్ హచిన్సన్‌ని వెళ్లగొట్టారు, క్వేకర్ అనే మరో క్రైస్తవ శాఖ మనిషి అయినందుకు మేరీ డయ్యర్‌ని 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో 19 మందిని ఉరితీసింది కూడా ఈ జనమే. ఈ చర్చిని మెచ్చుకునేవాళ్లు ఈ భాగాన్ని గబగబా దాటేస్తుంటారు, అది నాకు నచ్చదు. ఎందుకంటే ఆ తర్వాత జరిగిందే అసలు చూడాల్సింది.

సేలంలో తీర్పు చెప్పిన జడ్జీల్లో శామ్యూల్ సీవల్ ఒకడు. 1697 జనవరిలో, ఉపవాస ప్రార్థన రోజున, బోస్టన్ సౌత్ చర్చిలో ఆయన తన పశ్చాత్తాపం రాసిన కాగితాన్ని పాస్టర్ చేతికిచ్చాడు. పాస్టర్ దాన్ని సంఘమంతటి ఎదుట చదువుతుంటే సీవల్ తన బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ నింద, ఆ సిగ్గు నా మీద వేసుకుంటున్నానన్నది అందులో మాట. అంత హోదా ఉన్న జడ్జి, ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, చదవడం పూర్తయ్యేదాకా అలా నిలబడే ఉన్నాడు. మూడేళ్లకు, 1700లో, ఆయనే యోసేపుని అన్నలు అమ్మేసిన కథను ఆధారం చేసుకుని బానిసత్వం పాపమని ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. న్యూ ఇంగ్లండులో బానిసత్వాన్ని ఖండిస్తూ అచ్చయిన మొదటి రచన అదే. అయినా అప్పటికప్పుడు అందరూ మారిపోలేదు, జొనాథన్ ఎడ్వర్డ్స్ అంతటి ప్రసంగీకుడి ఇంట్లో కూడా బానిసలు ఉండేవాళ్లు.

1785లో లెమ్యూల్ హేన్స్‌ని పాస్టర్‌గా అభిషేకించారు. అమెరికాలో ఒక ప్రొటెస్టెంట్ శాఖ ఒక నల్లజాతి మనిషికి ఆ బాధ్యత ఇవ్వడం అదే మొదలు. వెర్మాంట్‌లోని రట్లండ్‌లో తెల్లవాళ్ల సంఘానికి ఆయన 30 ఏళ్లు పాస్టర్‌గా చేశాడు. 1853లో న్యూయార్క్ రాష్ట్రం సౌత్ బట్లర్‌లోని చిన్న సంఘం ఆంటోనెట్ బ్రౌన్‌ని అభిషేకించింది. ఒబర్లిన్‌లో వేదాంతం చదివినా ఆడమనిషని డిగ్రీ ఇవ్వలేదు ఆమెకు, పల్లెటూరి సంఘమే నువ్వు మా పాస్టర్‌వి అంది. ఆమె ఎక్కువకాలం అక్కడ ఉండలేదు గానీ, తొంభై అయిదేళ్ల వయసులో 1920 ఎన్నికల్లో ఓటేసేదాకా బతికింది. ఇక్కడ గమనించండి, పై అధికారి ఎవరైనా ఉండుంటే ఈ రెండూ జరిగేవి కావు. ఒక ఊరి సంఘం ధైర్యం చేస్తే ఆపేవాడు లేడు కాబట్టే జరిగాయి.

అమిస్టాడ్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1839లో క్యూబా దగ్గర ఆ ఓడలో బందీలుగా ఉన్న ఆఫ్రికన్లు తిరగబడ్డారు, చివరికి కనెక్టికట్ జైల్లో తేలారు. వాళ్ల భాష ఎవరికీ రాదు. యేల్ ప్రొఫెసర్ జొసయా గిబ్స్ జైలుకెళ్లి, వాళ్ల దగ్గర ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్చుకుని, న్యూయార్క్ రేవుల్లో నావికుల మధ్య ఆ అంకెలు పైకి అంటూ తిరిగాడు, ఎవరికైనా అర్థమవుతుందేమోనని. అలా జేమ్స్ కోవే అనే మెండే భాష తెలిసిన కుర్రవాడు దొరికాడు, బందీల మాట కోర్టుకు వినబడింది. లూయిస్ టాపన్ వంటి బానిసత్వ వ్యతిరేకులు కమిటీ పెట్టి డబ్బు పోగుచేశారు, మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సుప్రీంకోర్టులో వాదించాడు, 1841లో విడుదల వచ్చింది. ఆ పనిలో పడినవాళ్లు, మరికొందరు కలిసి 1846లో అమెరికన్ మిషనరీ అసోసియేషన్ పెట్టారు, అది నడిచింది ఎక్కువగా కాంగ్రిగేషనల్ వాళ్ల అండతోనే. అంతర్యుద్ధం తర్వాత విడుదలైన బానిసల పిల్లల కోసం దక్షిణాదిలో బళ్లు, కాలేజీలు కట్టింది అదే. ఫిస్క్ విశ్వవిద్యాలయం, టాలడేగా కాలేజీ వంటివి అలా వచ్చినవే.

ఇదంతా ఒక పాయ. రెండో పాయ జర్మన్లది. పెన్సిల్వేనియాలో 1725 నుంచీ ఉన్న రిఫార్మ్డ్ సంఘాలు, మిస్సోరీ వైపు 1840లో కూడిన ఇవాంజెలికల్ వాళ్లు 1934లో ఒక్కటయ్యారు. పోయిన శతాబ్దపు పెద్ద వేదాంతి రైన్‌హోల్డ్ నీబూర్ ఈ ఇవాంజెలికల్ ఇంటివాడే. ఈ రెండు పాయలూ 1957 జూన్ 25న క్లీవ్‌లాండ్‌లో కలిసి యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అయ్యాయి. తేలిగ్గా కాలేదు. మా స్వతంత్రం పోతుందని బ్రూక్లిన్‌లోని ఒక సంఘం 1949లో కోర్టుకెళ్లింది, ఆ కేసు 1953 దాకా నడిచింది, కొన్ని సంఘాలు కలవనే లేదు.

ఇక్కడ మనకూ ఒక చుట్టరికం ఉంది. పదేళ్ల ముందే, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఒకే గొడుగు కిందికి వచ్చారు. 1805లో విశాఖపట్నం వచ్చి, తర్వాత కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు పనిచేసిన లండన్ మిషన్ ఎక్కువగా ఈ కాంగ్రిగేషనల్ కుటుంబానికి ఇంగ్లండు కొమ్మే. "వాళ్లంతా ఒక్కటై ఉండాలి" అన్న యోహాను సువార్త 17వ అధ్యాయపు ప్రార్థనే రెండు చర్చీలకూ ధ్యేయవాక్యం. కాకపోతే మన సి.ఎస్.ఐ. బిషప్పుల్ని ఉంచుకుంది, వాళ్లు ఉంచుకోలేదు. పెళ్లి విషయంలో కూడా దారులు వేరు. ఆడవాళ్ల విషయంలో మాత్రం ఇక్కడా మార్పు వచ్చింది, 2013లో నంద్యాల డయోసిస్‌కి పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ అయ్యారు.

మరి వాళ్లు నమ్మేదేంటి? క్రీస్తు ఒక్కడే సంఘానికి శిరస్సు, రెండు సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభువు బల్ల), పాత విశ్వాస ప్రమాణాల మీద గౌరవం. అయితే ఆ ప్రమాణాల్ని సాక్ష్యాలుగా చూస్తారు, మనుషుల్ని లోపలికి రానివ్వడానికి పెట్టే పరీక్షగా కాదు. ప్రతి తరమూ ఈ విశ్వాసాన్ని తనదిగా చేసుకోవాలని వాళ్ల రాజ్యాంగం పీఠికలోనే రాసుకున్నారు. జనరల్ సినడ్ తీర్మానం సంఘాలతో మాట్లాడుతుంది, సంఘాల తరఫున మాట్లాడదు. అంటే 2005 తీర్మానాన్ని ఏ ఊరి సంఘమైనా పక్కన పెట్టేయొచ్చు, పెట్టినవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క సంగతి తెలియకుండా వాదించుకోవడం వల్లే సగం గొడవ.

1957 తర్వాత వీళ్లు చేసిన రెండు పనులు బయట అంతగా తెలియవు. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లోని డబ్ల్యు.ఎల్.బి.టి. అనే టీవీ స్టేషన్ నల్లవాళ్ల వార్తల్ని తొక్కిపెట్టేది. ఈ చర్చి కమ్యూనికేషన్ విభాగం చూసిన ఎవరెట్ పార్కర్ 1964లో స్థానికులకు శిక్షణ ఇచ్చి, గుట్టుగా ఇళ్లలో కూర్చోబెట్టి, ప్రసారాలన్నీ రాయించి, లైసెన్సు రద్దు చేయమని ఎదురెళ్లాడు. ప్రేక్షకులకు ఆ హక్కు లేదంది లైసెన్సులిచ్చే ప్రభుత్వ కమిషన్. ఉందని 1966లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. అమెరికాలో మామూలు ప్రేక్షకుడి మాటకు విలువ వచ్చింది అక్కడే. ఇక 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లవాళ్ల ఊరి పక్కన విషపు మట్టి పూడ్చడానికి లారీలు వస్తే జనం రోడ్డు మీద పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ పోరాటంలో ఉన్న ఈ చర్చి జాతి న్యాయ కమిషన్ 1987లో దేశమంతా లెక్కలు తీసి, ప్రమాదకరమైన చెత్త ఎక్కడ పడుతుందో తేల్చేది అన్నిటికంటే ఎక్కువగా జాతేనని చూపించింది.

స్వలింగ సంపర్కుల విషయం కూడా ఇలాగే అంచెలంచెలుగా వచ్చింది. 1972లో కాలిఫోర్నియాలో విలియం జాన్సన్‌ని, ఆయన తన సంగతి దాచుకోకపోయినా, స్థానిక సంఘాల అసోసియేషన్ ఒప్పుకుని అభిషేకించింది. 1985లో, మేం అందరినీ ఉన్నవాళ్లని ఉన్నట్టు స్వీకరిస్తామని సంఘాలు తమంతట తాము ప్రకటించుకోమని సినడ్ పిలుపిచ్చింది. 2005 దాని కొనసాగింపు. మూల్యం కూడా చెల్లించారు, వందల సంఘాలు వెళ్లిపోయాయి, ప్యూర్టోరికో కాన్ఫరెన్సు (అక్కడి సంఘాల కూటమి) 2006లో మొత్తంగా విడిపోయింది. ఏర్పడినప్పుడు 20 లక్షల దాకా ఉన్న సభ్యులు ఇప్పుడు 8 లక్షల లోపే. దీన్ని చూపించి "ఉదారవాదం వల్లే ఖాళీ అయింది" అంటారు గానీ, తగ్గుదల 1960ల్లోనే మొదలైంది, ఆ ఓటుకు నాలుగు దశాబ్దాల ముందు. సంప్రదాయవాదులైన సదరన్ బాప్టిస్టులూ ఇటీవల లక్షల్లో తగ్గుతున్నారు. సంఖ్యను బట్టి సత్యాన్ని తేల్చడం నాకు సరిగా అనిపించదు.

ఈ చర్చిని నేను కొలిచేది వేరే దాంతో. 1820లో హవాయికి వీళ్ల మిషనరీలు వెళ్లారు, 1893లో అక్కడి రాణి లిలియువోకలానిని దించేసినవాళ్లలో ఆ మిషనరీల వారసులూ ఉన్నారు. సరిగ్గా నూరేళ్లకు, 1993 జనవరిలో, చర్చి అధ్యక్షుడు పాల్ షెర్రీ హోనొలులు వెళ్లి మూలవాసుల ముందు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అదే ఏడు నవంబర్లో అమెరికా కాంగ్రెస్ కూడా హవాయి ప్రజలకు క్షమాపణ తీర్మానం చేసింది. ఆ తీర్మానంలో ఈ చర్చి క్షమాపణ ప్రస్తావన ఉంది.